చీకటి ఎంతో చెప్పి రమ్మన్నారు

చీకటి గురించి మాట్లాడి రమ్మని మా సంఘం నన్ను హైదరాబాదు పంపింది. వైద్యానికి వెళ్లినవాళ్లు, పిల్లల చదువులకు వెళ్లినవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. ఈ పని మీద వెళ్లినవాణ్ని బహుశా నేనొక్కణ్ణే. వెళ్లి వచ్చాక కూడా అక్కడి సంగతి నాకు సగమే అర్థమైంది. అర్థం కాని సగాన్ని దాచిపెట్టి రాయడం నాకు చేతకాదు కాబట్టి రెండూ కలిపే రాస్తున్నాను.

మార్కాపురం వైపు మా ఊళ్లో ఈస్టరు, అంటే పునరుత్థాన పండుగ ఆరాధన సమాధుల తోటలో, పొద్దు పొడవకముందే మొదలవుతుంది. ఇంకా చీకటిగా ఉండగానే స్త్రీలు ప్రభువు సమాధి దగ్గరికి వెళ్లారని వాక్యం చెబుతోంది. అందుకే మా దగ్గర కూడా స్త్రీలే తెల్లచీరలు కట్టుకుని, కొవ్వొత్తులు పట్టుకుని ముందు నడుస్తారు. మగవాళ్లం వెనక వెళ్తాం. నాకు ఊహ తెలిసినప్పటినుంచి ఆ వరుసకు ముందు నడిచింది మా అక్క కరుణమ్మ. పోయిన ఏడు వానల్లో జారిపడి తుంటి విరిగింది. అప్పటినుంచి మంచం దిగలేదు.

ఈ ఏడు ఆ ఆరాధనను ప్రత్యక్షంగా చూపిస్తామని ఒక క్రైస్తవ టీవీ ఛానెల్ ముందుకొచ్చింది. పోయిన పండుగకే మనుషుల్ని పంపి కొంత చిత్రీకరించుకుని వెళ్లారు. తర్వాత కబురు వచ్చింది. చీకట్లో తీస్తే ఇళ్లల్లో ఏమీ కనబడదు, ఆరాధన పొద్దెక్కాక మొదలుపెట్టండి, కాదంటే వచ్చి మా ఇంజనీర్లతో మాట్లాడండి, ఏదైనా ఈ శుక్రవారంలోగా తేల్చండి అని. పెద్దల కూటంలో సగం మంది పొద్దెక్కాకే చేద్దామన్నారు. ఇంటికొచ్చి అక్కకు చెప్పాను.

"తెల్లారినాక సమాధి దగ్గరికి పోయి ఏం చేస్తార్రా? అప్పటికే ఆయన లేచిపోయాడుగా," అంది. "నేను మంచాన పడ్డానని పండగని కూడా మంచాన పడేస్తారా? ఉన్నదున్నట్టు చూపిస్తే చూస్తా. లేకపోతే ఆ టీవీ తీసి అటకమీద పెట్టు."

నేను సంఘంలో వాక్యం బోధించే ఉపదేశిని, పైగా ఆ వారం ఖాళీగా ఉన్నాను. నన్నే పంపారు.

బోరబండ

మా సంఘంలో పెరిగిన సుధాకర్ హైదరాబాదులో క్యాబ్ నడుపుతాడు. బోరబండలో రెండు గదుల ఇల్లు కిరాయికి తీసుకుని భార్య సునీతతో, ఏడాది పాపతో ఉంటున్నాడు. సునీతది సంగారెడ్డి పక్క పల్లె. నేను దిగేసరికి పెనంమీద సర్వపిండి కాలుతోంది. బియ్యప్పిండిలో శెనగపప్పు, నువ్వులు, ఉల్లికాడలు కలిపి, వేళ్లతో బొక్కలు పెట్టి నూనె పోసి కాల్చారు. మొదటి ముక్కకే నోరంతా కారం, రెండోదానికి చెయ్యి ఆగలేదు.

"మీ దిక్కు గిది చెయ్యరా అయ్యగారు?" అంది సునీత.

"మాకు దిబ్బరొట్టె తెలుసమ్మా. దానికి ఈ బొక్కలుండవు."

"బొక్కల్లేకుంటే నూనె యాడికి పోతది?" అని ఆశ్చర్యపోయింది. ఆ ప్రయాణంలో జవాబు లేని ప్రశ్నల్లో అది మొదటిది.

ఆ సాయంత్రం వాళ్ల ప్రార్థనా మందిరానికి వెళ్లాం. రేకుల షెడ్డు, పక్కనే వెల్డింగు షాపు. ఒక పాట తెలుగులో, ఒకటి హిందీలో, ఒకటి ఒడియాలో పాడారు. మా ఊళ్లో ఆరాధన అయ్యాక చేతులు కలిపి ఇళ్లకు పోతాం. ఇక్కడ స్టీలు బేసిన్‌లో ఉస్మానియా బిస్కెట్లు, చిన్న కాగితం కప్పుల్లో చాయ్ ఇచ్చారు. జనం కదలరు. పిల్లల ఫీజులు, ఓనరు కిరాయి పెంచిన సంగతులు అన్నీ అక్కడే మాట్లాడుకుంటారు. ఇది కూడా సహవాసమేనని ఒప్పుకోక తప్పలేదు.

నేను వచ్చిన పని చెప్పి ప్రార్థించమన్నాను. "చీకటి కోసం ప్రార్థన చెయ్యాలా?" అని అక్కడి కాపరి, పాస్టరుగారు రెండుసార్లు అడిగారు. చివరికి 'నీ దాసుని పనిని సఫలం చేయుము' అని ముగించారు.

హైటెక్ సిటీ

బోరబండలో లోకల్ రైలెక్కితే పక్క స్టేషనే హైటెక్ సిటీ. దిగినవాళ్లందరి మెడల్లో తాళ్లు, తాళ్లకు కార్డులు. బోరబండలో పదిహేను రూపాయలైన టీ ఈ అద్దాల మేడల కింద నలభై. రుచి కూడా అంత పెరుగుతుందేమోనని తాగి చూశాను. పెరగలేదు.

ఛానెల్‌కు బొమ్మల సాంకేతిక పని చేసిపెట్టే సంస్థ ఒక పెద్ద మేడలో పైఅంతస్తులో ఉంది. గేటు దగ్గర మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన కాపలాదారు నా సంచి తెరిచి చూశాడు. పరిశుద్ధ గ్రంథం, తువ్వాలు, సునీత కట్టిచ్చిన సర్వపిండి.

"ఏంది పెద్దాయనా, ఇంటర్వ్యూకా?"

"కాదయ్యా, టీవీ బొమ్మ గురించి మాట్లాడాలి."

"ఖరాబైతే రిపేరు గిక్కడ చెయ్యరు. కూకట్‌పల్లికి పోవాలె." అయినా లోపలికి ఫోను చేసి, పాసు కోసం నన్ను చిన్న కెమెరా ముందు నిలబెట్టాడు. వెనక అద్దాల్లోంచి ఎండ. ఫొటోలో నా తెల్లచొక్కా నిలువునా మెరుస్తోంది. దానిపైన తల ఉండాల్సిన చోట నల్లటి ముద్ద.

"అంగి ఒక్కటే వచ్చింది. మొహం రాలే. జర ఇటు తిరుగు." మళ్లీ తీశాడు. ఈసారి మొహం వచ్చింది, చొక్కా గోడలో కలిసిపోయింది. "ఇగ పో. మనిషివైతే ఉన్నవ్ కదా," అని పాసు ఇచ్చాడు.

బూడిదరంగు గది

నన్ను కూర్చోబెట్టిన గదికి కిటికీలు లేవు. గోడలు, తలుపు, కుర్చీలు అన్నీ బూడిదరంగే. ఒక మూల మాత్రం సన్నటి దీపం. ముందు రెండు టీవీలు పక్కపక్కన ఉన్నాయి. ఒకటి కొత్తరకం, ఒకటి మన ఇళ్లల్లో ఉండే మామూలుది. అక్కడి ఇంజనీరు శ్రావణి, అనంతపురం అమ్మాయి. ఆ ఛానెల్ కోసం హెచ్‌డీఆర్ అనే పద్ధతిని తయారుచేస్తున్న బృందంలో పెద్ద ఆమే.

"సార్, మీకు హార్మోనియం వస్తుందా?" అని అడిగింది.

"వస్తుందమ్మా."

"మెట్లు తక్కువున్న హార్మోనియం మీద బాగా కిందకీ పైకీ వెళ్లే పాట వాయిస్తే ఏమైతుంది?"

"మెట్లు అయిపోయినచోట ఆగిపోవాలి."

"పాత టీవీ అట్లాంటిదే. చీకట్లో చీకటి, వెలుతురులో వెలుతురు దానికి పలకవు. చీకటంతా ఒకే నలుపు, మంటంతా ఒకే తెలుపు అయిపోతాయి. హెచ్‌డీఆర్‌కు అటూ ఇటూ మెట్లు ఎక్కువ. కొవ్వొత్తి మంటా, దాని పక్కన మొహమూ రెండూ నిలబడతాయి."

గేటు దగ్గరి ఫొటో గుర్తొచ్చి తల ఊపాను. ఆమె మా ఊరి ఆరాధన వేసింది. కొత్త టీవీలో మా సమాధుల తోట. వరుసలో నడుస్తున్నవాళ్ల మొహాల మీద మంట కదలడం, పలకరాళ్ల సమాధుల అంచులు మసగ్గా మెరవడం, అన్నీ కనబడ్డాయి. అందరికీ ముందు అక్క, అప్పటికింకా నడుస్తోంది.

శ్రావణి మాత్రం నుదురు ముడిచింది. "ఒకటి అడగాల సార్. మొహాలన్నీ పసుపు రాసుకున్నట్టు ఉన్నాయి, ఎందుకు?"

"మావాళ్లు పసుపు రాసుకోరమ్మా."

"కొవ్వొత్తుల పసుపు కొంత ఉంటుంది. ఇది అంతకంటే ఎక్కువ. తెలుపు ఇదీ అని కెమెరాకు ముందు చూపిస్తారు కదా, దేన్ని చూపించారు?"

నాకు తెలుసు. ముందురోజు సాయంత్రం వచ్చిన కెమెరా అతను తెల్లకాగితం తేవడం మరిచిపోయానంటే, "కాగితమెందుకు, మా ఆడవాళ్ల చీరలకంటే తెల్లనివి లోకంలో ఉన్నాయా?" అని తీగమీద ఆరుతున్న అక్క చీరను నేనే చూపించాను. అది చెప్పాను.

"చీరలకు నీలిమందు పెడతారా?"

"పెట్టకుండా ఎట్లా తెల్లగా ఉంటాయి?"

ఆమె కుర్చీలో వెనక్కి వాలి పకపకా నవ్వింది. "నీలాన్ని తెలుపు అని నమ్మించారు సార్ దాన్ని. పాపం, అది చిత్రమంతా నీలం తీసేసింది. మేము నెలరోజులుగా మా లెక్కలో తప్పేమోనని కొట్టుకు చస్తున్నాం."

నేనూ నవ్వాను కాని లోపల కలత పడ్డాను. ప్రతి పండుగకూ తెల్లబట్టల గురించి బోధించేవాణ్ని. అది తెలుపు కాదని ఒక యంత్రం వల్ల బయటపడింది.

తర్వాత ఆమె చెప్పింది ఇంకా కలవరపెట్టింది. ఈ పద్ధతిలో చీర తెలుపు ఎక్కడుండాలో ముందు వీళ్లు తీర్మానించాలట. దాన్ని చివరిమెట్టు మీద పెట్టకూడదట. చాలా కింద పెట్టి, పైన ఖాళీ వదలాలట.

"ఆ ఖాళీ ఎవరికమ్మా?"

"మంటకు, సూర్యుడికి. చీరనే పైన కూర్చోబెడితే నిజంగా వెలుగు వచ్చినప్పుడు దానికి చోటుండదు కదా సార్."

ఆమె మామూలుగానే అంది. మన తెలుపుకు పైన ఇంకా అంత చోటుందా? ఎన్ని ప్రసంగాల్లో నేను ఆ చోటు లేకుండా చేశానో అనిపించింది.

ఇక అసలు చిక్కు. కొత్త టీవీలు ఎక్కడో కొందరి ఇళ్లల్లో ఉంటాయి. మా అక్క లాంటివాళ్లకు వెళ్లేది మామూలు టీవీ బొమ్మ. కొత్తదాన్నుంచి పాతదానికి యంత్రమే మారుస్తుంది. నీడల్ని ఎంత పైకెత్తి మార్చాలన్నది మనుషులు చెప్పాలి. శ్రావణి బాగా ఎత్తి చూపించింది. సమాధుల తోట మబ్బుపట్టిన మధ్యాహ్నంలా మారిపోయింది. గోడ పక్కన విడిచిన చెప్పులు, నీళ్ల క్యాన్లు కూడా కనబడ్డాయి. కొవ్వొత్తులు ఎందుకు పట్టుకున్నారో తెలియడం లేదు. కిందికి దించింది. నల్లటి తెరమీద చుక్కలు మిగిలాయి.

"మాలో ఎవరమూ అక్కడికి రాలేదు సార్. మీరే చెప్పాల. అక్కడ ఎంత చీకటి? నేను తిప్పుతా, సరిపోయినచోట ఆపమనండి."

మెల్లగా తిప్పింది. ఒకచోట "ఆపమ్మా" అన్నాను. ఆ చోటు గుర్తుపెట్టుకుని, మళ్లీ మొదటినుంచి తిప్పింది. ఈసారి నేను ఆపింది వేరే చోట. మూడోసారి రెంటికీ పొంతన లేదు. పుట్టినప్పటినుంచి ఏటా నిలబడ్డ చీకటి ఎంతో నాకు తెలియలేదు. ప్రార్థన చేసుకోవచ్చా అని అడిగాను. ఆమె బల్లమీద చేతులు పెట్టుకుని నాతోపాటు కళ్లు మూసుకుంది. కళ్లు తెరిచాక కూడా తెలియలేదు.

"నీడలు ఎత్తని బొమ్మ పెన్‌డ్రైవ్‌లో ఇస్తా. మామూలు టీవీలో చూసి రేపు చెప్పండి," అంది. "రేపు శుక్రవారం సార్. రేపు తేలకపోతే పొద్దెక్కాకే చేయమని మావాళ్లు రాసి పంపేస్తారు."

కూకట్‌పల్లి

గేటు కాపలాదారు మాట గుర్తొచ్చి కూకట్‌పల్లి వెళ్లాను. హౌసింగ్ బోర్డు కాలనీ రోడ్డు మీద మా కోస్తా మాట వినబడేసరికి ప్రాణం లేచొచ్చింది. ఒక బడ్డీలో మిరపకాయ బజ్జీ తిని, పక్కనే పెద్ద టీవీల దుకాణంలోకి దూరాను. గోడంతా టీవీలు, అన్నిట్లో ఒకే చిలక. ఒకదాంట్లో పచ్చగా, ఒకదాంట్లో పసుపుగా, ఒకదాంట్లో కళ్లు పొడిచేంత మెరుస్తూ. దుకాణదారు గుడివాడ వైపు ఆయన.

"వీటిల్లో చిలక అసలు రంగు ఏదండీ?" అని అడిగాను.

ఆయన నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. "అసలు రంగు అడిగింది మీరేనండి. అందరూ ఏది ఎక్కువ మెరుస్తుందని అడుగుతారండి."

"మరి మీ ఇంట్లో ఏది పెట్టుకున్నారు?"

"మా ఇంట్లో టీవీ లేదండి బాబూ. పొద్దస్తమానం ఈ చిలకని చూసి ఇంటికెళ్తే కళ్లు మూసుకోవాలనిపిస్తుందండి."

పెన్‌డ్రైవ్ పెట్టి చూపించమన్నాను. ఎత్తని బొమ్మ ఆ దీపాల కింద ఏ టీవీలోనూ నిలబడలేదు. "ఇందులో ఏమీ లేదండి. ఎవరో మిమ్మల్ని మోసం చేశారండి," అని జాలిపడి మంచినీళ్లు ఇచ్చాడు.

మళ్లీ బోరబండ

సుధాకర్ ఇంట్లో టీవీ మా అక్కదాని లాంటిదే. అన్నాలయ్యాక పెన్‌డ్రైవ్ పెట్టాడు. ట్యూబులైటు కింద నల్లటి తెర, అందులో చుక్కలు.

"ఏం కనిపిస్తలేదు అయ్యగారు. మా టీవీ గిట్ల ఖరాబైందా ఏంది?" అంది సునీత.

"టీవీకేం కాలేదు. మిణుగురుల సినిమా తెచ్చినట్టున్నారు ఉపదేశిగారు," అన్నాడు సుధాకర్.

నాకు నవ్వు రాలేదు. అక్కకు ఏం చెప్పాలో కూడబలుక్కుంటున్నాను. అంతలో సునీత భుజంమీద పాప తల వాల్చేసింది. "పోరి పండుకుంది. లైట్ బంద్ చేస్తున్న," అని సునీత స్విచ్చి నొక్కింది.

మొదట తెర ఇంకా నల్లగానే ఉంది. సుధాకర్ టీవీ ఆపబోతే వద్దన్నాను, ఎందుకన్నానో తెలియదు. కొంతసేపటికి చుక్కల కింద చేతులు వచ్చాయి. చేతుల వెనక చీర అంచులు. ఆ తర్వాత మొహాలు. సునీత "అయ్యో, ఇంతమంది ఉన్నరా ఇందుల!" అంది గుసగుసగా.

మా తోటలోనూ ఇంతే కదా. గేటు దాటగానే ఒకరికొకరు కనబడం. మొదటి పాట గొంతుల్ని బట్టి పాడతాం. పాట అయ్యేసరికి పక్కనున్నది ఎవరో తెలుస్తుంది. అయితే చీకటి ఉన్నది తోటలోనా, టీవీలోనా, నా కంట్లోనా? అందుకే బూడిదగదిలో ఒక్కొక్కసారి ఒక్కొక్కచోట ఆపమన్నానా? అది నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు.

శుక్రవారం

"గదిలో లైటు!" అంది శ్రావణి, నేను చెప్పడం పూర్తికాకముందే. "మా గది చీకటిగా పెట్టుకునేది అందుకే సార్. చూసే గదిని బట్టే బొమ్మ." కాని వెంటనే ఆమె మొహం దిగిపోయింది. "మా పని టీవీ దగ్గర ఆగిపోతుంది సార్. జనం ట్యూబులైటు కింద చూస్తారో, తలుపులు బార్లా తీసి చూస్తారో మా చేతిలో లేదు. అందుకే అందరికీ సరిపోయేట్టు నీడలు ఎత్తేస్తాం. ఇళ్లల్లో లైట్లు మేము ఆర్పించలేం కదా."

"మీరు ఆర్పించలేరమ్మా. మేం ఆర్పిస్తాం."

"అంటే?"

"ఆరాధనలో 'లేచి నిలబడదాం' అంటే టీవీ ముందున్నవాళ్లు కూడా లేచి నిలబడతారు. తల వంచమంటే వంచుతారు. లైట్లు ఆర్పమంటే ఆర్పరా?"

"ఇంట్లో ఒక్కరే ఉన్నా లేచి నిలబడతారా? ఎవరూ చూడకపోయినా?"

"చూసేవాడు చూస్తున్నాడుగా."

ఆమె చాలాసేపు పెన్నుతో బల్లమీద కొట్టింది. "క్రికెట్ చూసేవాళ్లకు ఇట్లా చెప్తే టీవీ పగలగొడతారు," అని లేచి పైవాళ్ల దగ్గరికి వెళ్లింది. తిరిగొచ్చేలోగా మిగిలిన సర్వపిండి తినేశాను, కంగారుకి.

పైవాళ్లు ఒప్పుకున్నారు, ఒక షరతు మీద. ఆ మాట సంఘం నుంచే రావాలి, కెమెరా ముందు నేనే చెప్పాలి. శ్రావణి నీడల్ని ఉన్నచోటే ఉంచింది. తెరకింద వచ్చే పాటల అక్షరాలు చీకట్లో కళ్లు పొడుస్తాయని తీసేయమన్నాను. "మీవాళ్లకు పాటలన్నీ నోటికొచ్చా?" అంది. రాకపోతే ఆ చీకట్లో ఎట్లా పాడతాం?

వచ్చేముందు అడిగాను. "అమ్మా, చివరికి ఆ బొమ్మ నిజమైనదేనా?"

"నేనక్కడ లేను సార్," అంది. "చూసి మీరే ఫోను చేయండి."

మా ఊరు

పండుగ రోజు. సమాధుల తోట మిట్టమీద ఉంటుంది. కింద మా పేట, దాని కిటికీలు కనబడతాయి. స్త్రీలు గేటు దాటి వచ్చి నిలబడ్డారు. ఛానెల్ మనిషి చెయ్యి ఊపగానే కెమెరా వైపు తిరిగి చెప్పాను. "ఇళ్లల్లో ఉండి చూస్తున్న ప్రియులారా, దయచేసి మీ ఇంట్లో దీపాలన్నీ ఆర్పండి. వెంటనే ఏమీ కనబడదు. భయపడకండి, టీవీ కట్టేయకండి. మేమూ అట్లాగే నిలబడి ఉన్నాం."

కింద పేటలో కిటికీలు ఒక్కొక్కటే ఆరడం మొదలైంది. ముసలివాళ్లు, బాలింతలు, రాలేనివాళ్లు ఉన్న ఇళ్లు అవి. అన్నీ ఆరాయి, ఒక్కటి తప్ప. అది మా ఇల్లు.

అప్పుడు తట్టింది. నా భార్య, పిల్లలు అందరూ ఇక్కడే ఉన్నారు. మంచం దిగలేని మనిషి లైటు ఎట్లా ఆర్పుతుంది? ఎక్కడెక్కడి వాళ్లకో చెప్పాను గాని ఆమె సంగతి ఆలోచించలేదు. అక్క ఇప్పుడు ట్యూబులైటు కింద నల్లటి తెర చూస్తూ ఉంటుంది. పాట ఎత్తుకోవాల్సింది నేను. మా కాపరిగారు నా చొక్కా లాగారు. ఇంటికి పరుగెత్తాలా, పాడాలా తెలియక నిలబడిపోయాను.

కిటికీ ఆరిపోయింది.

పాట ఎత్తుకున్నాను. ఏ శృతిలో ఎత్తుకున్నానో నాకే తెలియదు.

ఆరాధన అయ్యీ అవ్వకముందే ఇంటికి పరుగెత్తాను. అక్క గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. గది ఇంకా చీకటిగానే ఉంది. దుప్పటి మీద చేతికర్ర.

"ఎవరార్పారక్కా?"

"ఇదే. పడుకునే స్విచ్చి మీద కొట్టాను. మొదటి దెబ్బ గడియారానికి తగిలింది. అద్దం పోయినట్టుంది, చూసి నడువు."

"కనబడిందా మరి?"

"ముందు ఏం కనబళ్ళేదు. నువ్వు భయపడొద్దన్నావుగా, చూస్తా కూర్చున్నా. తర్వాత ఒక్కొక్కళ్లే వచ్చారు." నేను కిందకు వంగి గాజుముక్కలు ఏరుతున్నాను. "మూడో పాటలో మగవాళ్లు వెనకబడ్డారేంరా? రెండో చరణం దగ్గర మీరు వచ్చేదాకా నేనిక్కడ పాట ఆపాల్సి వచ్చింది. వచ్చే ఏడన్నా అందుకోండి."